నబవియ్యా పేరు మీద తొమ్మిది పుస్తకాలు

మీత్ రీహాన్
10 అక్టోబరు 1987

అత్తయ్యా,

నీ జవాబు కోసం ఆగకుండా మళ్ళీ రాస్తున్నాను. ఈ ఉడుకు ఎవరి మీదో ఒకరి మీద కక్కకపోతే నాన్న మీద పడేలా ఉన్నాను. పాపం, ఆయన ఇప్పుడే రైల్వే డ్యూటీ దిగి వచ్చి నడుం వాల్చాడు.

నన్ను ట్రైనింగుకి మన ఊరి బాలికల బడికే వేశారు. అవును, నువ్వు పదమూడేళ్ళు లైబ్రేరియనుగా ఉన్న బడికే. యూనివర్సిటీలో నాలుగేళ్ళ చదువూ అయిపోయినట్టే. మిగిలింది ఈ పన్నెండు వారాలు. చివర్లో బడి లైబ్రేరియనూ హెడ్మిస్ట్రెస్సూ మార్కులు వేసి సంతకం పెడితే నా చేతికి డిగ్రీ వస్తుంది. పెట్టకపోతే రాదు.

ఎగురుకుంటూ వెళ్ళాను. లైబ్రరీ తలుపు తీస్తే, బల్ల మీద పరిచిన గుడ్డ నిండా మొలోఖియా ఆకుకూర కట్టలు. వాటి వెనక ఇప్పటి లైబ్రేరియను అబ్లా వగీదా ఆకు దూస్తోంది.

"రామ్మా, కూర్చో. ముదురు కాడలు పారెయ్, లేతవి ఉంచు" అంది.

"నేను ట్రైనింగుకి వచ్చానండీ."

"మరి నేను చెబుతున్నదేంటి?"

ఆవిడ ఇంతకుముందు వంట పాఠాలు చెప్పేదట. నడుం నొప్పి వచ్చిందని "విశ్రాంతిగా ఉంటుంది" అంటూ లైబ్రరీలో పడేశారు. పుస్తకాలకు నంబర్లు ఎందుకు వేస్తారో కూడా ఆవిడకి తెలియదు. నాకు మార్కులు వేసేది ఆవిడే!

అద్దాల బీరువాలు ఆరున్నాయి, ఆరింటికీ తాళాలు. వారానికొక లైబ్రరీ పీరియడు ఉంది గాని అందులో లెక్కలు చెబుతారు. మూడో ఏడు చదివే పిల్ల ఒకతి తలుపు దగ్గర నిలబడి, నన్నూ టీచరమ్మననుకుని, ఏమడిగిందో తెలుసా? "అబ్లా, అవి నిజం పుస్తకాలేనా? చెక్కతో చేసి రంగేశారని మా అక్క చెప్పింది." మూడేళ్ళుగా ఆ బడిలో ఉంది అత్తయ్యా ఆ పిల్ల!

నువ్వున్నప్పుడు ఇలా ఉండి ఉండదు. మంత్రిత్వ శాఖ నీకిచ్చిన మెరిట్ పత్రాన్ని చూస్తూ పెరిగాను కాబట్టే ఈ చదువులో చేరాను. ఆ తాళాలు తీయించే దారి చెప్పు.

నీ ఇన్షిరాహ్


అలెగ్జాండ్రియా
21 అక్టోబరు 1987

ఇన్షిరాహ్ తల్లీ,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. ఆ మొలోఖియా ఏదో చక్కగా దూసిపెట్టు, చేతులు అరిగిపోవు.

నీకు పుస్తకాల్లో చెప్పని సంగతి ఒకటి చెబుతాను. ఆ బీరువాల్లోని ప్రతి పుస్తకమూ వగీదా అప్పగింతలో ఉంటుంది. ఒక్కటి పోయినా ఆమె జీతంలోంచి కోస్తారు, పైగా కమిటీ ముందు నిలబెడతారు. ఏ పుస్తకాన్నీ ఎవరూ చదవలేదని మాత్రం ఈ దేశంలో ఇంతవరకూ ఎవరినీ నిలబెట్టలేదు. నీకిద్దరు పిల్లలుండి, నడుం నొప్పి ఉంటే నువ్వూ తాళమే వేస్తావు.

ముందు నీ కాగితం చేతికి రానీ. లైబ్రేరియనువి అయ్యాక నీ బడిలో నీ తలుపులు నువ్వు తీసుకో. అప్పటిదాకా "అలాగేనండీ" అనడం నేర్చుకో. ట్రైనింగంటే సగం అదే.

ఇక్కడ నాకు తనిఖీల కాలం. నెలకి ఇరవై బడులు చూడాలి. మీ అమ్మ పంపిన అరీష్ జున్ను అందిందని చెప్పు. ఇక్కడ దొరికేది సున్నంలా ఉంటుంది.

తఫీదా అత్త


మీత్ రీహాన్
14 నవంబరు 1987

అత్తయ్యా,

"అలాగేనండీ" అంటూనే ఉన్నాను. ఐదు వారాల్లో మొలోఖియా దూశాను, గుమ్మడికాయలు తొలిచాను, హెడ్మిస్ట్రెస్ ఫిక్రియా గారి చుట్టాలకి అదే గదిలో టీలు పోశాను. ఇది మాత్రం నా గొంతు దిగడం లేదు.

వచ్చే నెల జిల్లా ఇన్స్పెక్టరు వస్తాడట. పిల్లలు పుస్తకాలు తీసుకున్నట్టు రాసే రిజిస్టరు రెండేళ్ళుగా ఖాళీ. ఫిక్రియా గారు నన్ను పిలిచి మూడు రంగుల పెన్నులు చేతిలో పెట్టింది.

"నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయటగా. రెండేళ్ళవీ నింపు. నెలకి ముప్ఫైకి తగ్గకూడదు."

"ఎవరు తీసుకున్నారని రాయను మేడమ్?"

"హాజరు పట్టీ ఉంది కదా, అందులో చూసి రాయి."

"వాళ్ళు తీసుకోలేదు కదండీ."

"తీసుకోలేదని వాళ్ళెప్పుడైనా ఫిర్యాదు చేశారా?"

ఒప్పుకోనని చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. అదే నాకు మరీ మండించింది. సొరుగులోంచి నా మార్కుల ఫారం తీసి, ఖాళీ గడి మీద గోరుతో రెండు సార్లు కొట్టి, మళ్ళీ సొరుగులో పెట్టుకుంది.

చదవని పిల్లలు చదివినట్టు నా చేత్తో రాయాలా? ఎక్కడో పై ఆఫీసులో ఎవరో ఆ అంకెలు కూడి, "మా ఆడపిల్లలు ఏడాదికి ఇన్ని పుస్తకాలు చదువుతున్నారు" అని మీసం మెలేస్తారు. ఇక్కడి పిల్లలు ఆ పుస్తకాలు చెక్కవనుకుంటున్నారు!

నువ్వు ఇన్స్పెక్టరువి. ఇలాంటి రిజిస్టరు కనిపిస్తే నువ్వేం చేస్తావు?

ఇన్షిరాహ్


అలెగ్జాండ్రియా
22 నవంబరు 1987

ఇన్షిరాహ్,

ఏం చేస్తానని అడిగావు. సంతకం చేస్తాను. ఇరవై బడుల్లో పద్దెనిమిదింట అదే ఉంటుంది. అన్నీ పట్టుకుంటే మర్నాటి నుంచి నాకు పని ఉండదు, ఆ ఆడవాళ్ళకి జీతాలుండవు.

అందుకని శుభ్రంగా విను. ఒకసారే చెబుతాను, ఈ ఉత్తరం చదివి చింపెయ్. బడిలో ఇప్పుడున్న పిల్లల పేర్లు ఎక్కువ రాయకు. ఇన్స్పెక్టరు ఎవర్నైనా లేపి "నువ్వేం చదివావమ్మా?" అంటే దొరికిపోతావు. మధ్యలో చదువు మానేసిన పిల్లల పేర్లు రాయి. వాళ్ళని పిలిచి అడిగేవాడు ఉండడు. వరసగా ఒకే రోజున రాయకు, చేతిరాత తీరు మారాలి. ఒకటో రెండో ఆలస్యంగా తిరిగిచ్చినట్టు పెట్టు, అప్పుడే నమ్ముతారు. పది పుస్తకాల్లో పేజీలు కాస్త మడిచి ఉంచు.

ఇవన్నీ నాకెలా తెలుసంటావా? ఇన్నేళ్ళుగా చూస్తున్నదాన్ని, తెలియకుండా ఎలా ఉంటుంది?

నాలుగేళ్ళ చదువుని పంతానికి బలి పెట్టకు. మీ నాన్న నీ మీద ఎంత ఆశ పెట్టుకున్నాడో నాకు తెలుసు.

తఫీదా అత్త


మీత్ రీహాన్
12 డిసెంబరు 1987

శ్రీమతి తఫీదా గారికి,

మీ సలహా పాటించాను. నాలుగు పేజీలు నింపాను. ఆ సిగ్గు నాదే, మీ మీదకి తోయను.

ఐదో పేజీ దగ్గర ఎలా రాయాలో తోచక ఆగిపోతే అబ్లా వగీదా అంది: "ఆ మూల ట్రంకులో పాత రిజిస్టర్లున్నాయి చూడు. ఎవరో మహాతల్లి రాసిందట, ఇన్స్పెక్టర్లు మెచ్చుకునేవాళ్ళట. వాటిని చూసి రాసుకో."

తీసి చూశాను. 1962-63 రిజిస్టరు. ప్రతి పండక్కీ నాకు వచ్చే ఉత్తరాల్లోని చేతిరాతని నేను గుర్తుపట్టనా?

పదకొండో పేజీలో ఉంది: నబవియ్యా అబ్దుల్-మఖ్సూద్, రెండో ఏడు, బి సెక్షను. మా అమ్మ. రెండో ఏడు మా అమ్మ ఎక్కడ చదివిందండీ? మొదటి ఏడు పరీక్షలు కాగానే తాతయ్య పోయాడు. ఆ వేసవిలోనే ఆమెని బడి మాన్పించి పాలు తోడెయ్యడానికి కూర్చోబెట్టారు. బడికి వెళ్తానని వారం రోజులు ఏడ్చిందని మా అమ్మమ్మ చెప్పేది. ఆ ఏడాదే మీ రిజిస్టరులో ఆమె తొమ్మిది పుస్తకాలు తీసుకుంది. తేనెటీగలు, నక్షత్రాలు, సముద్ర ప్రయాణాలు. అన్నీ సమయానికి తిరిగిచ్చింది, ఒక్కటి మాత్రం రెండు రోజులు ఆలస్యం. అప్పుడే నమ్ముతారు కదా.

పిలిచి అడిగేవాడు ఉండడని రాశారు. ఆమె మీ తమ్ముడి భార్య. ఇరవై రెండేళ్ళుగా ఆమె చేతి జున్ను తింటున్నారు.

మొన్న జిల్లా ఇన్స్పెక్టరు వచ్చాడు. రిజిస్టరు తిరగేసి "భేష్" అన్నాడు. నేను లేచి చెప్పాను: "సార్, ఇందులో ఒక్క పుస్తకమూ ఎవరూ తీసుకోలేదు. ఈ నాలుగు పేజీలూ నేనే కల్పించి రాశాను." ఆయన నా వంక చూసి, రిజిస్టరు మూసి, "ఇక్కడ టీ దొరుకుతుందా?" అని అడిగాడు.

ఆ సాయంత్రమే, ఇంకా రెండు వారాలుండగానే, నాకు నూటికి ముప్ఫై ఒకటి వేశారు. "సహకరించే గుణం లేదు" అని రాశారు. డిగ్రీ ఆగిపోయింది.

ఇన్షిరాహ్


అలెగ్జాండ్రియా
20 డిసెంబరు 1987

ఇన్షిరాహ్,

ఉత్తరం అందింది. నన్ను "మీరు" అనే దాకా వచ్చావన్నమాట.

ఇరవై ఒక్కేళ్ళ పిల్లవి, పది వారాలు ఒక బడిలో కూర్చుని నాకు తీర్పు చెబుతున్నావు. ఆ బడిలో పదమూడేళ్ళు ఎలా గడిపానో నీకేం తెలుసు? మీ అమ్మ పేరొక్కటే రాయలేదు. చాలా పేర్లు రాశాను. ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. అవి కాగితం మీది పేర్లు.

ఈ సంగతి నబవియ్యాకి చెప్పకు. నాకోసం కాదు, ఆమె మనసు కోసం.

తఫీదా


మీత్ రీహాన్
9 జనవరి 1988

తఫీదా గారికి,

చెప్పాను. చెప్పొద్దని మీరు రాశాక చెప్పకుండా ఉండలేకపోయాను.

అమ్మ పాలు వడగడుతోంది. అంతా విని, గుడ్డ పిండి, "ఎన్నన్నావూ?" అంది. తొమ్మిదన్నాను. పేర్లు చదవమంటే రాసుకొచ్చిన కాగితం చదివాను. నాన్న "పోనీలే, మా అక్కే కదా" అన్నాడు. ఆమె ఆయన వైపు ఒక్క చూపు చూసింది, ఆయన చెప్పులేసుకుని బయటికి పోయాడు.

"నేనొకసారి అడిగాను ఆవిణ్ణి" అంది అమ్మ. "మొదటి ఏడులో. తేనెటీగల బొమ్మున్న పుస్తకం అద్దంలోంచి కనపడేది. ఒక్కసారి చూసిస్తానంటే చేతులు కడుక్కుని రమ్మంది. కడుక్కునొచ్చేసరికి గదికి తాళం వేసుంది."

మంగళవారం సంతలో జున్ను అమ్మేసి, ఖాళీ గంప చంకన పెట్టుకుని తిన్నగా బడికి వెళ్ళిందట. నేను పరుగెత్తుకెళ్ళేసరికి ఫిక్రియా గారి గదిలో నిలబడి ఉంది.

"మేడమ్, నా పుస్తకాలిప్పించండి."

"ఏ పుస్తకాలమ్మా?"

"మీ రిజిస్టరులో నా పేరు మీదున్నవి. తొమ్మిది."

"అది పాతికేళ్ళ కిందటి మాట. పైగా అన్నీ తిరిగిచ్చినట్టే ఉంటుంది."

"తీసుకోనిదాన్ని తిరిగెట్టా ఇస్తానమ్మా? మా సంతలో అయితే ముందు తీసుకుంటారు, తర్వాతే ఇస్తారు."

"చూడమ్మా, నువ్వు ఈ బడి విద్యార్థినివి కాదు."

"కాదనే కదా నేనూ అంటున్నా! మరి అవునని రాసిందెవరు? ఇప్పుడు మీరే తేల్చండి. నేనా ఏడు బడిలో ఉన్నానా, లేనా? ఉంటే నా పుస్తకాలివ్వండి. లేకపోతే ఆ రిజిస్టరు అబద్ధమని కాగితం మీద రాసి సంతకం పెట్టండి. ఏదైనా సరే, నాకు తొందరేం లేదు." అని గంప బోర్లించి దాని మీద కూర్చుంది.

ఫిక్రియా గారు బంట్రోతుని పిలిచింది. వాడు అమ్మని చూసి "నబవియ్యక్కనా? నా వల్ల కాదు మేడమ్" అని వెళ్ళిపోయాడు. ఈలోపు బెల్లు కొట్టారు. పిల్లలంతా కిటికీలకి అతుక్కుపోయారు.

తాళంచెవి తెచ్చింది ఎవరనుకున్నారు? అబ్లా వగీదా. నడుం పట్టుకుంటూ వచ్చి, "పదవే నబవియ్యా. పోతే నా జీతమే పోతుంది, పోనీ" అంది. తాళం బిగుసుకుపోయి రాలేదు. వంటనూనె పోసి, ఇద్దరూ గుంజితే ఊడింది. తొమ్మిదింట్లో ఏడు దొరికాయి. అమ్మ తేనెటీగల పుస్తకం ఒక్కటే తీసుకుంది, ఒక్కొక్కటే తీసుకెళ్తానంది. రిజిస్టరులో తన పేరు తనే రాసింది. "నబవియ్యా" దాకా బాగానే వచ్చింది, "అబ్దుల్-మఖ్సూద్" దగ్గర పెన్ను ఆగింది. వగీదా చెప్పబోతే "ఉండు, నాకొచ్చు" అని తనే రాసింది.

ఆ మధ్యాహ్నం ఎనిమిది మంది పిల్లలు "మాకూ కావాలి" అని వరస కట్టారు. ఫిక్రియా గారు ఆపలేకపోయింది.

ఎవరికీ నష్టం జరగలేదని రాశారు. ఆమె ఇప్పుడు తేనెటీగల పుస్తకాన్ని వేలితో ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటోంది. ఒకప్పుడు గడగడా చదివేది. వచ్చి చూడండి.

ఇన్షిరాహ్


అలెగ్జాండ్రియా
27 జనవరి 1988

ఇన్షిరాహ్,

నీ ఉత్తరాన్ని మూడు రోజులు సంచీలో పెట్టుకుని తిరిగాను.

1958లో చేరినప్పుడు నేనూ తాళాలు తీశాను. ఆరు బీరువాలూ బార్లా తెరిచి పెట్టాను. పిల్లలు ఈగల్లా మూగేవాళ్ళు. ఏడాది చివర లెక్క చూస్తే ఏడు పుస్తకాలు లేవు. ఏ పిల్లా దొంగిలించలేదు. ఒక పెద్ద అధికారి తనిఖీకి వచ్చి, బాగున్నాయంటూ తన కొడుకు కోసం చంకన పెట్టుకుపోయాడు. సంతకం అడగడానికి నాకు నోరు రాలేదు. కమిటీ ముందు ఆయన పేరు చెబితే అందులోని ముగ్గురూ నవ్వారు. ఆ ముగ్గురిలో ఒకడు ఆయనే. "నా నిర్లక్ష్యం వల్ల పోయినవి" అని నా చేత రాయించి సంతకం తీసుకున్నారు. నాకు అప్పుడు నీ వయసే.

మర్నాడే తాళాలు వేశాను. ఆ అధికారి మీద కోపాన్ని పన్నెండేళ్ళ పాటు ఆ పిల్లల మీద తీర్చుకున్నాను. మీ అమ్మని చేతులు కడుక్కురమ్మనడం నాకు గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే నన్ను ఎక్కువ బాధిస్తోంది.

నిన్న నేనొక వాఙ్మూలం రాసి సంతకం చేసి పై ఆఫీసులో ఇచ్చాను. మూడు పేజీలు. ఏ ఏడు ఏ పేర్లు కల్పించానో గుర్తున్నంత వరకు రాశాను. ఇన్స్పెక్టరుగా తెలిసి తెలిసి ఎన్ని దొంగ రిజిస్టర్లకి సంతకాలు పెట్టానో రాశాను. పుస్తకం పోతే జీతం కోసే ఆ నియమం ఉన్నంత కాలం ఏ లైబ్రరీ తెరుచుకోదని కూడా రాశాను. మా అధికారి "తఫీదా, నీకు మతి పోయిందా? ఇది వెనక్కి తీసుకో, నేను చూడనట్టే ఉంటాను" అన్నాడు. "మీరు చూడనట్టే ఉండటం వల్లే కదండీ ఇదంతా" అన్నాను. ఆ మాట అనడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది.

ఒక నకలు మీ కాలేజీకి పంపాను. నువ్వు నిజం చెప్పినందుకే నీ మార్కులు పోయాయని అందులో ఉంది.

నబవియ్యాకి ఏమని రాయాలో తెలియడం లేదు. రాసి చింపుతున్నాను.

తఫీదా


మీత్ రీహాన్
28 మే 1988

అత్తయ్యా,

ఫలితాలు వచ్చాయి. కాలేజీ వాళ్ళు పాత మార్కులు కొట్టేసి పక్క ఊరి మగపిల్లల బడిలో మళ్ళీ పన్నెండు వారాలు చేయించారు. ఎనభై నాలుగు వచ్చాయి. నేనిప్పుడు అర్హత ఉన్న బడి లైబ్రేరియనుని. ఉద్యోగం మాత్రం రెండేళ్ళకో మూడేళ్ళకో. "వరసలో ఉండండి" అన్నారు. అర్హత లేనివాళ్ళని కూర్చోబెట్టడానికి ఏ వరసా అక్కర్లేదు, చదివినవాళ్ళకి మాత్రం వరస!

నిన్ను తనిఖీల నుంచి తీసేసి ఫైళ్ళ గదిలో కూర్చోబెట్టారని నాన్నకి ఎవరో చెప్పారు. నువ్వే ఎందుకు రాయలేదు? విచారణకి నిన్ను పిలిచారు గాని, నీ వాఙ్మూలంలోని మిగతా బడుల్లో ఒక్క హెడ్మిస్ట్రెస్‌నీ పిలవలేదట. నిజం చెప్పిన మనిషి ఒక్కర్తే వాళ్ళకి దొరికింది. జీతం కోసే నియమం కూడా చెక్కు చెదరలేదు. ఫిక్రియా గారికి ప్రమోషను కూడా ఇచ్చారు!

నేను వారానికి రెండు రోజులు ఊరికే బడికి వెళ్తున్నాను. అబ్లా వగీదా పిలిచింది. "ఆ నంబర్లు ఎట్టా వేస్తారో చూపించవే, నడుం నొప్పి ఉంది గాని బుర్ర నొప్పి లేదు నాకు" అంది. ఒక బీరువా తెరిచే ఉంచుతోంది. మిగతా ఐదింటికీ ఇంకా ధైర్యం చాలలేదు. ఇప్పటికి నాలుగు పుస్తకాలు పోయాయి. మేమిద్దరం పిల్లల ఇళ్ళకి వెళ్ళి మూడు తెచ్చాం.

నా కోపం పూర్తిగా పోయిందని రాయలేను. కానీ బక్రీదుకి రా. ఒంటరిగా అక్కడ కూర్చుని ఏం చేస్తావు?

ఇన్షిరాహ్


మీత్ రీహాన్
15 జూన్ 1988

తఫీదా వదినా,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. ఇన్షిరాహ్‌ని తప్పులు దిద్దొద్దన్నాను.

పండక్కి రమ్మని అది నిన్ను పిలిచిందట. నన్నడక్కుండా పిలిచింది. నువ్వు రావద్దు.

నువ్వు నా పేరున రాసినవాటిలో మూడు చదివాను. తేనెటీగలది మంచిది. నక్షత్రాలది కష్టం, అయినా విడవలేదు. సముద్రం మీద పోయే మనిషి కథ ఉంది చూశావా, అది ఉత్త చెత్త. పదమూడేళ్ళ పిల్లకి అదెందుకు రాశావసలు? చూసి రాయలేదు కదూ? కనీసం మంచివి చూసి రాయాల్సింది.

నీ ఉద్యోగం సంగతి ఇక్కడంతా చెప్పుకుంటున్నారు. సంతలో ఒకావిడ నిన్ను అబద్ధాలకోరన్నది. మా ఇంటి మాట మేం చూసుకుంటాం, నువ్వు నీ గుడ్లు అమ్ముకో అన్నాను. కానీ వదినా, ఆవిడన్నది నిజమే.

ఇంకా నాలుగున్నాయి. దొరకని రెండూ ఎక్కడున్నా నువ్వే వెతికి పంపు. అన్నీ అయ్యాక నేనే కబురు చేస్తాను, అప్పుడు రా. ఎన్నాళ్ళు పడుతుందో నన్నడగొద్దు. నేను నెమ్మదిగా చదువుతాను.

నబవియ్యా